ఫ్లెక్సీ డిజైన్లతో బతుకు వెళ్తుందా?

నర్సంపేట నుంచి ఒక తండ్రి అడిగారు: ‘మా పిలగాడు హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. ఊళ్లో యువజన సంఘానికి బ్యానర్లు చేసిండు. ఇప్పుడు మహిళా సంఘానికి వెబ్‌సైట్ చేస్తనంటుండు. ఇదేమన్న ఉద్యోగమా సార్?’

ఉద్యోగం కాదండీ, పని. చేతికి పైసలొచ్చే పనే, కానీ ఫ్లెక్సీల దగ్గరే ఆగిపోతే రావు. ఆరు బై నాలుగు ఫ్లెక్సీ అంటే ఇరవై నాలుగు చదరపు అడుగులు. షాపువాళ్లు అడుగుకింత అని ప్రింటింగ్ లెక్క కట్టి, డిజైన్ ఊరికే చేసిస్తారు. ఊరికే వచ్చేదానికి మీవాడికి విడిగా ఎవరిస్తారు? పైగా ఎవరి ఫొటో చిన్నదైంది, ఎవరిది చివరికి పోయింది అని రాత్రి పన్నెండింటికి ఫోన్లు!

మీవాడు గట్టిపడాల్సింది తెలుగు అక్షరం దగ్గర. ఇంగ్లిష్‌లో అందంగా డిజైన్ చేసేవాళ్లు దేశమంతా ఉన్నారు, వాళ్లతో పోటీ ఎందుకు? ఇక్కడి డీటీపీ షాపుల్లో ఇప్పటికీ ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో టైపు చేస్తుంటారు. కాగితం మీద బాగానే వస్తుంది. అదే మ్యాటర్‌ను కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో చూసినా అక్షరం ఒకేలా గుర్తించే పద్ధతి) కాదు. సంఘం వెబ్‌సైట్‌కు యూనికోడే కావాలి. మండలి, రామభద్ర, సురన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫొటోషాప్‌లో సెట్టింగ్ సరిగా లేకపోతే ఒత్తు విడిపోయి ‘బతుకమ్మ’ కాస్తా ‘బతుకమ్‌మ’ అవుతుంది. అలాంటి బ్యానర్ కింద నిలబడి ఆడవాళ్లు ఫొటో దిగితే ఆ తప్పు ఊరంతా తిరుగుతుంది. దాన్ని ప్రింటుకు ముందే పట్టుకునేవాడికి పని వెతుక్కుంటూ వస్తుంది.

ఎక్కువ రోజులు నిలిచే పనులు పట్టమనండి. నేల మీద పరిచే వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. వరంగల్ కొత్తవాడలో వాటిని నేసే చేతులకు కొదవ లేదు. ఆ దర్రీకి కుట్టే లేబుల్, దాని కథ చెప్పే చిన్న వెబ్ పేజీ, కొనేవాళ్లకు వాట్సాప్‌లో పంపే కేటలాగ్, ఇవన్నీ ఎవరో ఒకరు చేయాల్సినవే. ఒక్క నేత కుటుంబానికి చక్కగా చేసి చూపిస్తే, పది బ్యానర్ల కంటే అదే మంచి పోర్ట్‌ఫోలియో.

వెబ్‌సైట్ విషయంలో ఒక జాగ్రత్త. డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ అడ్రస్, మీవాడి ఈమెయిల్ మీద కాదు, సంఘం పేరు మీదే కొనాలి. అది గడువు తీరకముందే మళ్లీ డబ్బు కట్టాల్సిన వ్యవహారం. వీడు రేపు హైదరాబాద్ పోయి నంబరు మారిస్తే సంఘంవాళ్లు ఎవరిని పట్టుకోవాలి? ఆ ఖర్చు ఎంతో, ఎప్పుడు కట్టాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి అధ్యక్షురాలి చేతికివ్వాలి. సగం పైసలు ముందే తీసుకోవాలి. మార్పులు రెండుసార్లే అని మొదట్లోనే చెప్పాలి. ‘ఓకే’ అన్న మాట వాట్సాప్‌లో రాయించుకున్నాకే ప్రింటుకు పంపాలి.

డిగ్రీ మాత్రం ఆపొద్దు. ఇంటర్‌లో ఉండగా అడిగి ఉంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ అనే లలిత కళల డిగ్రీ గురించి చెప్పేవాణ్ని. ఇప్పుడు రెండేళ్లు వదిలి మళ్లీ మొదలుపెట్టమని నేను చెప్పను.

ఇక మీకొక మాట. మీ బావమరిది ఇంట్లో పెళ్లి ఉంటే కార్డు ‘ఊకె చేసియ్యి బిడ్డా’ అని మీరే అంటారు. ఈసారి అనకండి. రేటు ఎంతో వాణ్నే చెప్పనివ్వండి.