ప్రత్యక్షపు గుడారంలో బంగారం, వెండి, ఇత్తడి వేటికి గుర్తు?

బైబిల్లో మోషే కాలపు ఇశ్రాయేలీయులు ఎడారిలో ఆరాధనకు వేసుకున్న డేరాయే ప్రత్యక్షపు గుడారం. అందులో ఇత్తడి అంటే తీర్పు, వెండి అంటే విమోచన, బంగారం అంటే దైవత్వం అని చెబుతారు, దీనికి వాక్యాధారం ఉందా అని అడిగారు. వెండికి ఉంది. మిగతా రెండింటికీ అంత సూటిగా చెప్పిన వచనం లేదు. వాటిని ఎక్కడెక్కడ వాడారో చూసి అర్థం పట్టుకోవాలి.

నిర్గమకాండం 30వ అధ్యాయం ప్రకారం ఇరవై ఏళ్లు, ఆపై వయసున్న ప్రతి మగవాడూ తన ప్రాణానికి వెలగా అర షెకెలు (షెకెలు అప్పటి తూకం) వెండి ఇవ్వాలి. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. ఆ వెండి ఏమైందో 38వ అధ్యాయం లెక్క చెబుతుంది. 6,03,550 మందికి 3,01,775 షెకెళ్లు. తలాంతుకు 3,000 షెకెళ్ల చొప్పున 100 తలాంతులు పోగా 1,775 మిగులుతాయి. తలాంతుకొకటి చొప్పున 100 దిమ్మలు (అడుగున పెట్టే పీటలు) పోతపోశారు: గోడల 48 పలకల కింద రెండేసి, అంటే 96, లోపలి గదిని వేరుచేసే అడ్డతెర స్తంభాల కింద 4. మిగిలినది గుడారం చుట్టూ ఉన్న ఆవరణ స్తంభాల కొక్కేలకీ బద్దలకీ వాడారు. గుడారపు గోడలన్నీ నిలబడింది జనం తమ ప్రాణాలకు కట్టిన వెల మీదే! ప్రసంగాల్లో ఈ లెక్క చెప్పకుండా వెండి అంటే విమోచన అని ఒక్క మాటతో దాటేయడం బాధగా ఉంటుంది.

బంగారం, ఇత్తడి విషయంలో లోహం మారే చోటు చూడండి: బయట ఇత్తడి, లోపల బంగారం. గుడారం నమూనాలు చేసేవారు ఎక్కువగా పొరబడేది గుడారపు ద్వారం దగ్గరే. అక్కడి అయిదు స్తంభాలకు బంగారు రేకు ఉంది కాబట్టి దిమ్మలకూ వెండి రంగో బంగారు రంగో వేసేస్తారు. అవి ఇత్తడివి. ఆవరణ అక్కడితో ముగుస్తుంది, దిమ్మే ఆ గడప. పైకప్పులోనూ అంతే. లోపలి నార తెరలను కలిపేవి 50 బంగారు గుండీలు, వాటిపైన మేకవెండ్రుకల తెరలను కలిపేవి 50 ఇత్తడి గుండీలు. బంగారు గుండీల వరసకు సరిగ్గా కిందే అడ్డతెర వేలాడాలి. దాన్ని అటూ ఇటూ జరిపితే దాని వెనకున్న లోపలి గది, అంటే అతిపరిశుద్ధస్థలం, కొలత తప్పుతుంది.

ఆవరణలోని బలిపీఠానికి ఇత్తడి పెట్టడంలో అవసరం కూడా ఉంది. అది 5 మూరల పొడవు, 5 మూరల వెడల్పు, 3 మూరల ఎత్తున్న తుమ్మకర్ర పెట్టె. రోజూ మండే మంటకు వట్టి కర్ర ఆగదు. అన్నట్టు, హీబ్రూలో ఉన్న మాట నెహోషెత్, అంటే రాగి లేదా కంచు. మన వంటింటి ఇత్తడిలా రాగి, జింకు కలిపింది అనుకోకండి.

రాతికి మాత్రం నియమం వేరు. నిర్గమకాండం 20:25 ప్రకారం పనిముట్టు తగిలిన రాయి బలిపీఠానికి పనికిరాదు. ఇశ్రాయేలు దేశంలోని అరాదులో తవ్వకాల్లో బయటపడిన బలిపీఠం చెక్కని రాళ్లు, మట్టితో కట్టినదే. అదే దేశంలోని బెయేర్షెబాలో దొరికిన కొమ్ముల బలిపీఠం రాళ్లు మాత్రం నున్నగా చెక్కినవి.