బొమ్మ గీసినందుకు ఫ్రెంచ్ వ్యంగ్య చిత్రకారుడు దోమియేను జైల్లో ఎందుకు పెట్టారు?

1831లో ఆయన గీసిన ‘గార్గాంట్యువా’ అనే లితోగ్రాఫే (రాతిపలకపై గీసి కాగితంపై అచ్చువేసే బొమ్మ) కారణం. అందులో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ కొండంత శరీరంతో కూర్చుని ఉంటాడు. నేల నుంచి అతని నోటి దాకా వాల్చిన పలక మీదుగా కూలీలు నాణేల బుట్టలు మోసుకెళ్తుంటారు. కింద చిక్కిపోయిన పేదలు తమ దగ్గర ఉన్నదంతా ఇచ్చేస్తుంటారు. రాజు కూర్చున్నది మరుగుదొడ్డి ఆసనం. దాని కింద నుంచి పదవుల, బిరుదుల కాగితాలు రాలుతుంటే పెద్దమనుషులు ఏరుకోవడానికి ఎగబడుతుంటారు. అక్షరం ముక్క రానివారికి కూడా పన్నులు ఎటు పోతున్నాయో చూడగానే తెలిసిపోతుంది. ప్రభుత్వాన్ని వణికించింది సరిగ్గా ఇదే. 1832లో ఆరు నెలల జైలు పడినా దోమియే తగ్గలేదు. 1834లో పారిస్‌లోని ట్రాన్స్‌నొనెన్ వీధిలో సైనికులు ఇళ్లలో చొరబడి సామాన్యులను చంపితే, పడకగదిలో పసిబిడ్డపై ఒరిగిన తండ్రి శవాన్ని గీశాడు. 1835 సెప్టెంబరు చట్టాలతో రాజకీయ వ్యంగ్య చిత్రాలకు ముందస్తు అనుమతి తప్పనిసరైంది.