పేగు వ్యాధి ఉన్నవాళ్ల బడ్జెట్‌లో సగటు నెల ఉండదు

ప్రశ్న: నా వయసు 36. ఏడేళ్లుగా పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి ఉంది. నెలల తరబడి బాగానే ఉంటాను, ఉన్నట్టుండి తిరగబెడుతుంది. ఆసుపత్రి ఖర్చు, జీతం లేని సెలవులు కలిసి పొదుపంతా ఊడ్చేస్తున్నాయి. కొత్త మందులు వస్తున్నాయంటే ఆశ పుడుతోంది. వాటి కోసం విడిగా డబ్బు దాచాలా? రిటైర్మెంట్ మదుపు ఆపేయనా?

జవాబు: ఆపకండి. కొన్నాళ్లు తగ్గించాల్సి రావచ్చు, అది వేరే సంగతి.

ఏడాది వైద్య ఖర్చును పన్నెండుతో భాగించి బడ్జెట్ వేసుకుంటే మీ విషయంలో లెక్క తప్పుతుంది. మీకు మంచి నెలలు, చెడ్డ నెలలు ఉంటాయి తప్ప సగటు నెల ఉండదు. గత రెండు మూడేళ్ల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సెలవుల వివరాలు ముందేసుకోండి. అన్నిటికంటే గట్టిగా దెబ్బ తీసిన ఫ్లేర్‌ను, అంటే జబ్బు తిరగబెట్టిన దశను, ఎంచుకుని, అది మొదలైన రోజు నుంచి మళ్లీ పూర్తి జీతం అందుకున్న రోజు దాకా అయిన నష్టమంతా కూడండి. పరీక్షలు, మందులు, ప్రయాణాలతో పాటు కోత పడిన జీతం, మీకు తోడున్నవారు పోగొట్టుకున్న సంపాదన కూడా రాయాలి. జీతం కోతను ఖర్చుగా రాసుకోవడం మనలో చాలామందికి అలవాటు లేదు. తీరా చూస్తే అదే పెద్ద అంకె కావచ్చు.

ఆ మొత్తమే మీ మొదటి లక్ష్యం. అందరికీ చెప్పే ఆరు నెలల అత్యవసర నిధి దీనికి అదనం. ఎందుకంటే జబ్బూ, ఉద్యోగానికి ఇబ్బందీ ఒకేసారి రావచ్చు. దీన్ని షేర్లలో పెట్టొద్దు, అడిగిన రోజే చేతికొచ్చే చోట ఉంచండి. బాగున్న నెలల్లో జీతం పడిన రోజే ఇందులోకి డబ్బు మళ్లేలా ఏర్పాటు చేసుకోండి. నిధి నిండేదాకా రిటైర్మెంట్ మదుపును సగానికి తగ్గించండి, సున్నా మాత్రం చేయొద్దు.

ముందే తెలిసిన ఖర్చును ఈ నిధి నుంచి తీయకండి. ఉదాహరణకు క్రోన్స్‌కు నరంలోకి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు వాడేవారికి మొదటి మూడు డోసుల తర్వాత సాధారణంగా ఎనిమిది వారాలకోసారి ఎక్కిస్తారు. తేదీ తెలిసినప్పుడు అది నెలవారీ బడ్జెట్‌లోకే రావాలి. పెద్దపేగుకు కూడా వ్యాధి ఉంటే, దాదాపు ఎనిమిదేళ్ల తర్వాత క్యాన్సర్ నిఘా కోసం కొలనోస్కోపీలు (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్షలు) మొదలుపెడతారు. మీకు ఏడేళ్లు దాటుతున్నాయి కాబట్టి డాక్టర్‌ను అడిగి రాబోయే ఏడాది ఖర్చులో చేర్చుకోండి.

బాగుంది కదా అని డోసు ఎగ్గొట్టి మిగిల్చే డబ్బు పొదుపు కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే శరీరం దానికి యాంటీబాడీలు తయారుచేసుకుని, మందు పనిచేయకుండా పోవచ్చు. ఉన్న కొద్ది మందుల్లో ఒకటి చేజారినట్టే. ఖర్చు భారమైతే బయోసిమిలర్‌కు, అంటే అదే మందుకు దాదాపు సమానంగా వేరే కంపెనీ తయారుచేసే మందుకు, మారడం కుదురుతుందేమో డాక్టర్‌నే అడగండి.

ఉన్న ఆరోగ్య బీమాను ఎట్టి పరిస్థితుల్లోనూ ల్యాప్స్ కానివ్వొద్దు. రాత్రి బస లేకుండా మందు ఎక్కించుకుంటే క్లెయిమ్ వస్తుందా, ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్‌కు వస్తుందా, ఉద్యోగం మారితే ఈ కవరేజీ ఏమవుతుంది? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. కొత్త పాలసీ తీసుకునేటప్పుడు జబ్బును దాచారో, క్లెయిమ్ రోజున అదే మెడకు చుట్టుకుంటుంది.

ఇక మీ ఆశ సంగతి. అది ఉత్త ఆశేమీ కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు 1998లో అమెరికాలో క్రోన్స్ కోసం అనుమతి వచ్చింది, 2013లో యూరప్‌లో దాని బయోసిమిలర్‌కు వచ్చింది. 2023లో అమెరికాలో క్రోన్స్‌కు అనుమతి పొందిన ఉపాడసిటినిబ్ అయితే నోటితో వేసుకునే మాత్ర. అయినా పేరూ ధరా తెలియని మందు కోసం విడిగా డబ్బు దాచమని చెప్పను. నిండుగా ఉన్న నిధి, బతికున్న బీమా పాలసీ ఏ కొత్త మందుకైనా పనికొస్తాయి. క్రోన్స్‌ను పూర్తిగా నయం చేసే చికిత్స ఇప్పటికైతే లేదు. శాశ్వతంగా తగ్గిస్తామని మొత్తం డబ్బు ముందే అడిగేవారికి పైసా ఇవ్వకండి.

క్లినికల్ ట్రయల్‌లో చేరే అవకాశం వస్తే పరీక్షిస్తున్న మందుకు సాధారణంగా డబ్బు తీసుకోరు. కానీ ప్రయాణాలు, సెలవులు, దుష్ప్రభావం వస్తే చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారో సంతకం పెట్టకముందే అడగండి.