కనగర్తల్లో జన్యు తేడా దాదాపు సున్నా వచ్చిందా? టెన్షన్ వద్దు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనూ కొచ్చిలోనూ కొన్న కనగర్తల (ఇండియన్ మాకెరెల్ చేపల) మైక్రోశాటిలైట్లు (డీఎన్‌ఏలో పదేపదే వచ్చే చిన్న ముక్కలు) పోలిస్తే ఎఫ్‌ఎస్‌టీ (రెండు గుంపుల మధ్య జన్యు తేడాకు కొలత; సున్నా అంటే తేడా లేనట్టు) 0.02 వచ్చిందని, ఈ రెండు చోట్ల చేపలు వేర్వేరా అని తేల్చే ప్రాజెక్టు పోయినట్టేనా అని అడిగారు. పోలేదండీ. సముద్రపు చేపల్లో ఇది మామూలే. గుడ్లు, పిల్లలు ప్రవాహాల్లో చాలా దూరం కొట్టుకుపోతాయి. ద్వీప నమూనా (విడి గుంపుల మధ్య ప్రతి తరం కొన్ని చేపలు మారతాయనుకునే సులువైన లెక్క) ప్రకారం 0.02 రావాలంటే తరానికి సుమారు 12 చేపలు అటూ ఇటూ కలిస్తే చాలు. వేట లెక్కల్లో 12 చేపలు ఏ మూలకి? అందుకే జన్యువులు ఒకేలా కనిపించినా నిల్వలు (విడివిడిగా పెరిగే, వేటకు విడిగా లెక్కేసే చేపల గుంపులు) వేరై ఉండొచ్చు.

నా అనుమానమల్లా శాంపిళ్ల మీదే. బోట్లు ఎక్కడెక్కడో వేటాడి హార్బర్‌కొస్తాయి. ఏ చేప ఎక్కడ పడిందో సరంగును (బోటు నడిపేవారిని) అడిగి రాసుకున్నారా? గుడ్లు పెట్టే కాలంలో పట్టినవైతే ఇంకా మేలు. పర్మ్యుటేషన్ పరీక్షలో (చేపల్ని గుంపుల మధ్య యాదృచ్ఛికంగా కలిపి మళ్లీ లెక్కేసే పరీక్ష) పి విలువ కూడా చూడండి; ఇంత తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో అది చెబుతుంది.

బడ్జెట్ ఉంటే ఎస్‌ఎన్‌పీలకు (డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం దగ్గర ఉండే తేడాలకు) వెళ్లండి. అట్లాంటిక్, బాల్టిక్ సముద్రాల హెర్రింగ్ చేపల మధ్య మామూలు మార్కర్లలో (పోలికకు వాడే డీఎన్‌ఏ గుర్తుల్లో) తేడా అంతంతమాత్రమే. కానీ జీనోమ్ (డీఎన్‌ఏ) మొత్తం చదివితే నీటి ఉప్పదనానికి, చూపుకి సంబంధించిన జన్యువుల్లో తేడాలు బయటపడ్డాయి.

అన్నట్టు, కనగర్తల శాస్త్రీయ నామంలోని ‘కనగుర్తా’ మన తెలుగు మాటే. 1803లో ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ అచ్చువేసిన విశాఖ చేపల బొమ్మల నుంచే వెళ్లింది. థీసిస్‌లో రాసుకోండి.