బరంపురంలో జాలైన్ ఫిల్లర్ ఎక్కడ చేస్తారు అనే ముందు

"వయసు 22. ఊరు ఇచ్ఛాపురం, చదువు బరంపురంలో. మొహం గుండ్రంగా ఉంటుంది, జాలైన్ (దవడ అంచు గీత) అసలు లేదు. మాఘంలో అక్క పెళ్లి. ఇక్కడో పార్లర్లో ఏడు వేలకే ఫిల్లర్ వేస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?" అని అడిగావు.

ఫిల్లర్ అంటే సూదితో చర్మం కింద నింపే జెల్. పార్లర్లో వద్దు తమ్ముడూ. ఏడు వేలకైతే అసలే వద్దు. నువ్వు అడిగినదానికి జవాబు ఇంతే. కానీ అడగాల్సింది ఇంకోటుంది: మొహం గుండ్రంగా ఎందుకుంది? కారణాలు నాలుగైదు ఉంటాయి, ఫిల్లర్ వాటిలో ఒక్కదానికే పనికొస్తుంది. కొవ్వు పట్టిన మొహానికి ఫిల్లర్ వేస్తే మొహం ఇంకాస్త బరువెక్కుతుంది, అంతే.

మొదటి అనుమానితుడు నీ ఫోను. మొహానికి అడుగు దూరంలో పెట్టి సెల్ఫీ తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుంది, దవడ మూలలు వెనక్కి పోయి మాయమవుతాయి. ఫోను ఇంకొకరి చేతికిచ్చి, అయిదడుగుల దూరంలో నిలబెట్టి, వెనక కెమెరాతో 2 రెట్లు జూమ్ చేసి, కళ్ల ఎత్తులో తీయించు. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. సగంమంది ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆ ఫొటోలోనూ అలాగే ఉంటే మూడు పరీక్షలు చెయ్యి. రెండు వేళ్లు దవడ మూలల మీద పెట్టి పళ్లు గట్టిగా బిగించు. వేళ్ల కింద గోళీకాయలా కండ పైకి లేస్తే, వెడల్పు నమిలే కండది. రెండోది, గెడ్డం కింద చర్మాన్ని చిటికెలో పట్టుకుని, "ఈ" అని మెడ నరాలు తేలేలా బిగించు. చిటికెలో మందం అలాగే ఉంటే అది చర్మం కింద కొవ్వు, తీయడానికి వీలుంటుంది. మందం జారిపోతే కొవ్వు కండకి లోపల ఉంది, కొవ్వు కరిగించే సూదులకీ, చలితో గడ్డకట్టించే ఫ్రీజింగ్‌కీ అందదు. మూడోది, పక్క ఫొటోలో కింది పెదవి నుంచి నిలువుగా స్కేలు పెట్టి గీత గియ్యి. గెడ్డం ఆ గీతకి బాగా వెనక పడిపోయి, పై పళ్లు కింది పళ్లకన్నా 2, 3 మిల్లీమీటర్లకి మించి ముందుకుంటే సంగతి ఎముకది. అప్పుడు చర్మం డాక్టర్ దగ్గరికి కాదు, పళ్లు సరిచేసే ఆర్థోడాంటిస్టు దగ్గరికి వెళ్లి పక్క నుంచి తీసే ఎక్స్‌రే, సెఫలోగ్రామ్ అంటారు, తీయించుకోవాలి. కటక్ ఎస్‌సీబీ డెంటల్ కాలేజీ సర్కారుదే, నీకు రైలు దూరం.

మన వైపు ఇంకో కారణం ఉంది, దాన్నెవరూ అడగరు. సన్నగా ఉన్న కుర్రాళ్లకి "ఒళ్లు చేస్తుంది" అని మందుల షాపులోనో ఊరి ఆర్‌ఎంపీ దగ్గరో ఇచ్చే మాత్రల్లో చాలాసార్లు డెక్సామెథసోన్ ఉంటుంది. అది స్టిరాయిడ్. రెండు మూడు నెలలు వేసుకుంటే బుగ్గలు ఉబ్బి మొహం చందమామలా తయారవుతుంది, కాళ్లూ చేతులూ మాత్రం పుల్లల్లాగే ఉంటాయి. పేరు లేని ఒళ్లునొప్పుల పొడుల్లోనూ ఒక్కోసారి ఇలాంటి స్టిరాయిడ్లే కలుపుతారు. ఆరు నెలల్లో అలాంటిదేదైనా మింగావా, గుర్తు చేసుకో. మింగి ఉంటే ఠక్కున మానేయకు. ఎక్కువకాలం వాడాక ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టిరాయిడ్ చాలక బీపీ పడిపోతుంది, వాంతులవుతాయి. పెద్ద డాక్టర్ దగ్గర మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆ మొహం కొన్ని నెలల్లో దానంతటదే దిగుతుంది, పైసా ఫిల్లర్ అక్కర్లేదు. థైరాయిడ్‌కి ఒక టీఎస్‌హెచ్ పరీక్ష కూడా చేయించుకో.

కొవ్వే అయితే, మనవాళ్లకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23కి చేరితే చాలు, బరువెక్కువ కింద లెక్క. వారానికి అరకిలో చొప్పున నాలుగైదు కిలోలు తగ్గితే గెడ్డం కింద తేడా తెలుస్తుంది. గెడ్డం ఒక్కటే తగ్గించే వ్యాయామం ఏదీ లేదు. రాత్రి ఎండుచేపల పులుసో ఆవకాయో గట్టిగా పట్టించి పడుకుంటే పొద్దున మొహం ఉబ్బుతుంది. అది నీరు, మధ్యాహ్నానికి దిగిపోతుంది, దాన్ని చూసి కంగారుపడకు. ఇంట్లో మాత్రం ఇబ్బందే. దవడ ఎముక కాస్త తేలిందంటే చాలు, అమ్మమ్మ "మొహం పీక్కుపోయింది, హాస్టల్లో తిండి పెట్టట్లేదా" అని ఇంకో రెండు గరిటెలు వడ్డిస్తుంది. మన పెద్దవాళ్ల లెక్కలో జాలైన్ అంటే కామెర్ల తర్వాత మిగిలే మొహం.

నమిలే కండే కారణమైతే నోట్లో పెట్టి నమిలే జాలైన్ బంతులు, గట్టి చూయింగ్ గమ్ము వెంటనే పారెయ్యి. నమిలేకొద్దీ కండ పెరుగుతుంది, దవడ చెక్కినట్టు అవ్వడం మాట అటుంచి పెట్టెలా అవుతుంది. చెవి ముందు కీలు టక్కుమని నొప్పి మొదలవుతుంది. గుట్కా, గుండి (పొగాకు పొడి) వేసిన పాన్ పొద్దస్తమానం నమిలేవాళ్లకీ ఇంతే, పైగా వక్క వల్ల నోటి లోపల పొర గట్టిపడి నోరు తెరుచుకోదు. నీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే జాలైన్ సంగతి పక్కనపెట్టి ముందు పళ్ల డాక్టర్‌కి చూపించుకో. నాలుకని అంగిటికి నొక్కి ఉంచే మ్యూయింగ్ సంగతి కూడా చెప్పేస్తా: ఎదుగుదల ఆగిన ఎముక నాలుక తోపుకి కదలదు.

ఆ కండని తగ్గించేది బోటాక్స్, కండని బలహీనపరిచే సూదిమందు. పక్కకి 20 నుంచి 30 యూనిట్లు, మూడు నాలుగు చోట్ల, కండ కింది భాగంలో లోతుగా. రెండు వారాలకి కరిచే బలం తగ్గుతుంది, సన్నబడటం కనిపించేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. నాలుగు నుంచి ఆరు నెలలకి మళ్లీ మామూలే. సూది మరీ ముందుకో పైకో పడితే నవ్వు ఒక పక్కకి పోతుంది, అది దిగడానికి వారాలు పడుతుంది. అలాంటిదే ఇంకో బ్రాండు డిస్‌పోర్ట్ యూనిట్లు వేరు, బోటాక్స్ యూనిట్లు వేరు. "60 యూనిట్లు వేశాం" అంటే దేనివి అని అడుగు.

గెడ్డం కింది కొవ్వుకి మూడు దారులు. కొవ్వు కరిగించే డీఆక్సీకోలిక్ ఆమ్లం సూదుల్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో ఒప్పుకుంది. సెంటీమీటరుకి ఒకటి చొప్పున, ఒక్కోటి 0.2 మి.లీ., నెల నెల గ్యాప్‌తో ఆరు సార్ల వరకూ. వేసినప్పుడల్లా వారం పది రోజులు గెడ్డం కింద కప్పలా ఉబ్బుతుంది, ఆ సంగతి ముందు చెప్పరు. దవడ అంచుకి మరీ దగ్గరగా వేస్తే కింది పెదవిని లాగే నరం దెబ్బతిని మూతి వంకర పోతుంది. "ఫ్యాట్ డిజాల్వింగ్" అంటూ లేబుల్ మీద మందు పేరు తేలని సీసా తెస్తే లేచి వచ్చెయ్యి. రెండోది ఫ్రీజింగ్. అరుదుగా కొవ్వు కరగకపోగా గట్టిగా పెరుగుతుంది, మోడల్ లిండా ఎవాంజెలిస్టా 2021లో బయటపెట్టింది అదే. నన్నడిగితే నీ వయసుకి మూడోదే మేలు. గెడ్డం కింద చిన్న గాటు పెట్టి కొవ్వు పీల్చేసే లైపోసక్షన్. చర్మం బిగువుగా ఉన్న వయసు కాబట్టి దానంతటదే అతుక్కుంటుంది, ఒకటి రెండు వారాలు పట్టీ కట్టుకోవాలి, అసలు ఆకారం మూడు నెలలకి తేలుతుంది. ప్లాస్టిక్ సర్జన్ చేతే చేయించుకోవాలి. బుగ్గల్లోపలి కొవ్వు తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోకు, ముప్పై అయిదు దాటాక మొహం గుంటలు పడితే సరిచేయడం కష్టం.

ఇక నువ్వు అడిగిన ఫిల్లర్. దవడ అంచు కోసమే చేసిన గట్టి రకం జువెడెర్మ్ వోలక్స్‌ని ఎఫ్‌డీఏ 2022లో ఒప్పుకుంది, అదీ 21 దాటినవాళ్లకే. రెండు పక్కలా కలిపి 2 నుంచి 4 మి.లీ. పడుతుంది, గెడ్డానికి ఇంకో 1 మి.లీ. ఏడాది, ఏడాదిన్నర ఉంటుంది. 1 మి.లీ. సిరంజి ఒక్కదానికే ఏడు వేలకన్నా చాలా ఎక్కువ అవుతుంది. మరి ఆ పార్లర్లో ఏడు వేలకి ఏం ఎక్కిస్తారో ఆలోచించు. సూది లేకుండా ఒత్తిడితో తోసే "హైలురాన్ పెన్" అయితే దాని మీద ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరిక ఇచ్చింది.

పళ్లు బిగించి, నమిలే కండ ముందు అంచు దవడ ఎముకని తాకే చోట వేలు పెట్టి చూడు. నాడి కొట్టుకుంటుంది. అది మొహానికి రక్తం తెచ్చే ధమని. ఫిల్లర్ దాని పక్కనే వేస్తారు. మందు దాంట్లోకి పోయిందనుకో, ఏం జరుగుతుందో చూడు. కుర్రాడు విశాఖలో మధ్యాహ్నం మూడింటికి ఫిల్లర్ వేయించుకుని, సాయంత్రం రైలెక్కుతాడు. ఫిల్లర్లోనే మొద్దుబార్చే మందు లిడోకైన్ కలిపి ఉంటుంది కాబట్టి నొప్పి తెలియదు. శ్రీకాకుళం రోడ్ దాటాక గెడ్డం పక్కన సలుపు మొదలవుతుంది, సూది నొప్పే అనుకుంటాడు. పలాసలో టీ తాగుతూ ఫోన్లో చూసుకుంటే చర్మం అక్కడక్కడ తెల్లగా, చుట్టూ వలలాగా ఊదారంగు. వేలితో నొక్కి వదిలితే మామూలుగా రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి, రాదు. ఇచ్ఛాపురంలో దిగేసరికి రాత్రి. అమ్మ ఐసుగడ్డ పెడుతుంది. అది తప్పు, చల్లదనానికి రక్తనాళం ఇంకా ముడుచుకుంటుంది. పొద్దున పొక్కులు, నాలుగో రోజుకి నల్లటి పెచ్చు, జీవితాంతం మచ్చ. దీనికి విరుగుడు హైలురోనిడేజ్, జెల్‌ని కరిగించే మందు. వందల యూనిట్లు గంట గంటకీ, రంగు తిరిగొచ్చేదాకా పొడవాలి, అదీ తొలి గంటల్లోనే. అందుకే డాక్టర్‌ని మొహమాటం లేకుండా అడుగు: "హైలురోనిడేజ్ సీసాలు ఉన్నాయా, చూపిస్తారా?" 1500 యూనిట్ల సీసాలు కనీసం రెండు మూడు అక్కడే ఉండాలి. కంటి ఆపరేషన్లకి వాడే మందే, దొరకదు అంటే నమ్మకు. సిరంజి డబ్బా నీ ముందే విప్పాలి, లాట్ (బ్యాచ్) నంబరు స్టిక్కరు నీ చీటీ మీద అంటించాలి. ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఉండు. క్యాల్షియం రకం ఫిల్లర్ని ఈ మందు కరిగించలేదు, మొదటిసారి అది వద్దు.

ఎముకే చిన్నదైతే ఫిల్లర్ ఏడాదికోసారి కట్టే అద్దె లాంటిది. గెడ్డం ఎముక కోసి ముందుకి జరిపి ప్లేటు, స్క్రూలు వేసే జీనియోప్లాస్టీ ఒక్కసారితో అయిపోతుంది. కింది పెదవి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మొద్దుబారుతుంది.

ఇవేవీ కాకుండా చవకైనది గెడ్డం గీత. మన మంగలి షాపుల్లో గెడ్డాన్ని సరిగ్గా దవడ ఎముక మీదే గీసి కింద నున్నగా గొరిగేస్తారు, దాంతో గెడ్డం కింది కొవ్వంతా లైటేసినట్టు కనిపిస్తుంది. గీత కంఠమణికి రెండు వేళ్లు పైన, రెండు చెవుల వెనక నుంచి వంపుగా రావాలి. బుగ్గల మీద 3 మిల్లీమీటర్లు, అంచున 6 ఉంచమను.

పెళ్లి మాఘంలో అన్నావు కాబట్టి లెక్క ఇదీ: లైపోసక్షన్ అయితే దసరాకి ముందే అయిపోవాలి, బోటాక్స్ దీపావళి లోపు. ఫిల్లర్ పెళ్లికి కనీసం నాలుగు వారాల ముందు, దానికి అటూ ఇటూ రెండు వారాలు పళ్ల పనులు పెట్టుకోకు. ఆ గడువులు దాటిపోతే ఏదీ మొదలుపెట్టకు, ఫొటోగ్రాఫర్‌ని మాత్రం మండపంలో కింద కూర్చుని పైకి తీయొద్దని చెప్పు.