ఉచిత పుస్తకాలతో ఇంటి చదువు

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల పాపకు ఇంట్లోనే చదువు చెబుతున్నామండీ. నెట్‌లో ఉచితంగా దొరికే పుస్తకాలు వాడితే కాపీరైట్ గొడవ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కాపీరైట్ గడువు తీరినవైతే నిశ్చింతగా వాడుకోండమ్మా, ప్రింటు కూడా తీసుకోవచ్చు. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత ఈ-పుస్తకాల లైబ్రరీలో 70,000కు పైగా పుస్తకాలున్నాయి. అలాంటి పుస్తకాలనే వలంటీర్లు చదివి లిబ్రివాక్స్ అనే ఉచిత ఆడియో పుస్తకాల సైటులో పెడతారు. ఈ రెండూ కలిపి వాడండి. నేను ఆడియో పెట్టి, అదే అధ్యాయం ప్రింటు మా వాడి చేతికిచ్చేదాన్ని. వేలితో వరుస వెంట వెళ్తూ, తెలియని మాట రాగానే ఆడియో ఆపి పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఆ గీతలే మర్నాటి పాఠం. తెలుగు పుస్తకాలకు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ చూడండి. గ్రహాల ఫొటోలకు నాసా సైటు చాలు.

గడువు మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. చాలా దేశాల్లో రచయిత పోయాక 70 ఏళ్లు, భారతదేశంలో 60. కథ పాతదైనా కొత్త అనువాదానికి, బొమ్మలకు హక్కులు వేరే ఉంటాయి. ఇంకోమాట, కథలకూ పద్యాలకూ పాత పుస్తకాలు బంగారం. సైన్సుకు, భూగోళానికి మాత్రం దయచేసి కొత్తవే వాడండి.