కోరింత దగ్గుకు పావుగంట కిట్ ఎందుకు లేదు?

ప్రశ్న: మా చెల్లెలి పాపకు రెండున్నర నెలలు. దగ్గు తెరలు తెరలుగా వచ్చి మొహం నల్లబడిపోయేది. డాక్టరు గారు కోరింత దగ్గేమోనని ముక్కులోంచి శాంపిల్ తీసి హైదరాబాద్ పంపించారు, మందు వెంటనే మొదలుపెట్టారు. పాప కోలుకుంటోంది కానీ రిపోర్టు వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం. కోవిడ్‌కు పావుగంటలో తేల్చే కిట్ వచ్చింది కదా, దీనికెందుకు లేదు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పాప కోలుకుంటోందని చదివి ఊపిరి పీల్చుకున్నానమ్మా. మీ డాక్టరు గారు సరైన పని చేశారు. నెలల బిడ్డకు ఈ అనుమానం వస్తే శాంపిల్ తీసేసి, రిపోర్టు కోసం ఆగకుండా అజిత్రోమైసిన్ లాంటి మందు మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ వయసులో దగ్గు తెర చివర ఊపిరి లాగేటప్పుడు వచ్చే 'కూ' మనే కూత రాకపోవచ్చు, దగ్గు పెద్దగా లేకుండానే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇక కిట్ సంగతి. మొదటి ఒకటి రెండు వారాలు ఇది మామూలు జలుబులాగే ఉంటుంది, క్రిమి ముక్కు వెనకాల బాగా ఉండేది అప్పుడే. దగ్గు తెరలు మొదలై మనం భయపడి ఆసుపత్రికి పరిగెత్తేసరికి అది తగ్గిపోతూ ఉంటుంది. కోవిడ్ కిట్ లాంటి స్ట్రిప్ మీద గీత పడాలంటే క్రిమి తాలూకు ప్రోటీన్ తగినంత ఉండాలి, ఇక్కడ అదే కరువు. పోనీ రక్తంలో యాంటీబాడీలు చూద్దామంటే అవి పెరగడానికి వారాలు పడుతుంది, పైగా టీకా వల్ల వచ్చినవీ తల్లి నుంచి వచ్చినవీ కలిసిపోయి చంటిబిడ్డల్లో ఏమీ తేలదు.

1906లో బ్రసెల్స్‌లో బోర్డే, జాంగూ అనే ఇద్దరు బంగాళాదుంప, గ్లిసరిన్, రక్తం కలిపిన మీడియం మీద ఈ క్రిమిని పెంచారు. ఇలా క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష ఇప్పటికీ నమ్మకమైనదే, కానీ వారం పైగా పడుతుంది. క్రిమి డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష అయితే గంటల పని. మీ నాలుగు రోజుల్లో ఎక్కువ భాగం శాంపిల్ ప్రయాణానికీ, ల్యాబ్‌లో వంతు రావడానికీ పోయి ఉంటుంది. అందుకే నా దృష్టిలో అసలు పని పరీక్షను మంచం దగ్గరికి తీసుకురావడం. ల్యాంప్ అనే పద్ధతిలో పీసీఆర్‌లాగా మాటిమాటికీ వేడి చేసి చల్లార్చక్కర్లేదు, 60-65 డిగ్రీల దగ్గర ఒకే వేడి మీద గంటలోపే క్రిమి డీఎన్ఏను పెంచి చూడొచ్చు. అమెరికాలో 2023లో అనుమతి పొందిన బయోఫైర్ స్పాట్‌ఫైర్ అనే యంత్రం ఇంకా వేగం, కోరింత దగ్గుతో సహా పలు శ్వాసకోశ క్రిములను దాదాపు పావుగంటలో చూస్తుంది. అలాంటిది మన ఏరియా ఆసుపత్రి భరించగల ధరకు రావాలి.

అయితే వేగం ఒక్కటే చాలదు. 2006లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ఒక పెద్ద ఆసుపత్రి సిబ్బందిలో దగ్గులు మొదలై, దాదాపు వెయ్యి మందికి పీసీఆర్ చేస్తే 142 మందికి కోరింత దగ్గు ఉన్నట్టుందని చెప్పారు, వేల మందికి మందులు, టీకాలు ఇచ్చారు, చివరికి కల్చర్‌లో ఒక్కరికీ ఈ క్రిమి దొరకలేదు. కారణాల్లో ఒకటి, పీసీఆర్ వెతికే ఐఎస్481 అనే జన్యు ముక్క. ఈ క్రిమిలో దాని కాపీలు చాలా ఉంటాయి కాబట్టి పరీక్ష కొద్దిపాటి క్రిమినీ పట్టేస్తుంది, కానీ అదే ముక్క హోల్మెసీ అనే దగ్గరి బంధువు క్రిమిలోనూ ఉంటుంది. అందుకే కొత్త కిట్ ఏదైనా కనీసం రెండు జన్యు గుర్తులు చూడాలని నేను గట్టిగా కోరుకుంటాను. టీకాలు వేసే గదిలో శాంపిల్ తీయకపోవడం కూడా ముఖ్యం, కొన్ని టీకాల్లోని క్రిమి డీఎన్ఏ బల్లల మీదా చేతుల మీదా ఉండిపోయి స్వాబ్‌కు అంటుకున్న సందర్భాలున్నాయి.

మీ ఇంట్లో ఎవరికైనా దగ్గుంటే ఇప్పుడే డాక్టరుకు చెప్పండి, పాపకు దగ్గరగా ఉన్నవాళ్లకూ ముందుజాగ్రత్తగా మందు ఇస్తారు. పాపకు 6, 10, 14 వారాలకు వేసే, కోరింత దగ్గు టీకా కూడా కలిసి ఉండే పెంటావాలెంట్ డోసుల్లో ఏది మిగిలినా కోలుకోగానే వేయించండి. ఒకసారి వచ్చింది కదా, ఇక అక్కర్లేదని ఆపకండి.